రివాల్వర్ ఫ్రంట్ సైట్ మార్చొచ్చా..? ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే గురి ఎంత తప్పుతుందో తెలుసా?

భద్రాచలం: రివాల్వర్ గొట్టం చివర, పైన చిన్న రెక్కలా నిలబడి ఉండే ఇనుప ముక్కను ఎప్పుడైనా గమనించారా? సినిమాల్లో హీరో గన్ తీసినప్పుడు కెమెరా దాని మీదికి పోనే పోదు. కానీ ట్రిగ్గర్ నొక్కాక బుల్లెట్ ఎటు వెళ్లాలో తేల్చేది ఆ ముక్కే. దాని పేరు ఫ్రంట్ సైట్. పోలీస్ ట్రైనింగ్‌లో, ఎన్‌సీసీ క్యాంపుల్లో దీన్ని ఫోర్‌సైట్ అంటారు. వెనకవైపు, హ్యామర్‌కు ముందు గాడిలా కనిపించేది బ్యాక్ సైట్. ఈ రెండూ ఒక వరసలోకి వస్తేనే గురి కుదిరినట్టు.

యూట్యూబ్‌లో, రీల్స్‌లో అమెరికా వీడియోలు కొన్ని తెగ తిరుగుతుంటాయి. ఒకాయన రివాల్వర్ ముందు భాగంలో చిన్న బటన్ లాంటిది నొక్కుతాడు. పాత సైట్ చేతిలోకి వచ్చేస్తుంది. ఎర్రగానో, పచ్చగానో మెరిసే కొత్త సైట్‌ను టక్కున పెట్టేస్తాడు. అర నిమిషంలో పని ఖతం. అది చూసిన లైసెన్స్‌దారులకు "మన దగ్గరున్న దానికి కూడా ఇలా మార్చొచ్చు కదా" అనే ఆలోచన రావడం సహజమే. ముఖ్యంగా భద్రాచలం, ఖమ్మం అటవీ సరిహద్దు లాంటి చోట. ఇక్కడ పొద్దు వాలిందంటే చెట్ల కింద నల్లటి సైట్ నల్లటి నీడలో కలిసిపోతుంది.

సూటిగా చెప్పాలంటే.. మన దేశంలో లైసెన్స్ మీద దొరికే రివాల్వర్లలో ఎక్కువ వాటికి ఈ వీడియోల్లో చూపించే మార్పిడి కుదరదు. కుదిరే మోడల్ ఉన్నా అది ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు. ఆకురాయి పట్టుకుని రెండు గీతలు గీసేస్తే గురి చెడిపోవడం ఒక ఎత్తు, చట్టంతో వచ్చే చిక్కు ఇంకో ఎత్తు.

ముక్క చిన్నదే.. లెక్క పెద్దది

గురి చూసేటప్పుడు ఫ్రంట్ సైట్ పైఅంచు, బ్యాక్ సైట్ గాడి పైఅంచు ఒకే ఎత్తులో ఉండాలి. గాడిలో ఫ్రంట్ సైట్‌కు రెండు పక్కలా సమానంగా వెలుతురు కనిపించాలి. కన్ను ఫ్రంట్ సైట్ మీద నిలవాలి. టార్గెట్ కాస్త మసకగా కనిపించినా ఫర్వాలేదు. ఏ దేశంలో నేర్పినా మొదటి పాఠం ఇదే.

ఇక్కడే అసలు లెక్క ఉంది. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం రివాల్వర్‌లో చాలా తక్కువ. ఉదాహరణకు ఆ దూరం 150 మిల్లీమీటర్లు అనుకుందాం. టార్గెట్ 15 మీటర్ల దూరంలో ఉంది. అంటే సైట్ల మధ్య దూరానికి 100 రెట్లు. కాబట్టి ఫ్రంట్ సైట్ దగ్గర 1 మిల్లీమీటర్ తేడా వస్తే టార్గెట్ దగ్గర 100 మిల్లీమీటర్లు, అంటే 10 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అదే 25 మీటర్ల దూరంలో అయితే దాదాపు 17 సెంటీమీటర్లు. పొట్టి గొట్టం ఉన్న రివాల్వర్‌లో సైట్ల మధ్య దూరం ఇంకా తగ్గుతుంది కాబట్టి తప్పు ఇంకా పెరుగుతుంది. సైట్ల మధ్య 100 మిల్లీమీటర్లే ఉంటే, అదే 1 మిల్లీమీటర్ తేడాకు 25 మీటర్ల దగ్గర బుల్లెట్ 25 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఒక మనిషికి తగలడానికీ, పక్కనున్న మనిషికి తగలడానికీ ఆ తేడా చాలు.

ఇదే లెక్కను తిరగేస్తే సైట్ ఎంత మార్చాలో తెలుస్తుంది. బుల్లెట్ ఎంత తప్పిందో ఆ దూరాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. అన్నీ మిల్లీమీటర్లలోనే తీసుకోవాలి. 15 మీటర్ల దగ్గర బుల్లెట్లు 5 సెంటీమీటర్లు కింద పడుతున్నాయి, సైట్ల మధ్య 150 మిల్లీమీటర్లు ఉంది అనుకుంటే.. 50ని 150తో గుణించి 15,000తో భాగిస్తే 0.5 వస్తుంది. అంటే మార్చాల్సింది అర మిల్లీమీటర్. ఆకురాయితో నాలుగు సార్లు గట్టిగా రుద్దితే పోయేంత.

చాలామంది పప్పులో కాలేసేది ఎక్కడంటే..

బుల్లెట్ కింద పడుతోంది కాబట్టి ఫ్రంట్ సైట్ ఎత్తు పెంచాలి అనుకుంటారు. ఇది పూర్తిగా తప్పు. జరిగేది దానికి రివర్స్.

ఫ్రంట్ సైట్ ఎత్తు పెరిగిందనుకోండి. దాని పైఅంచును వెనక గాడితో సమానం చేయాలంటే గొట్టం మూతిని కిందికి దించాలి. మూతి దిగితే బుల్లెట్ కూడా కిందికే పోతుంది. అంటే ఎత్తైన ఫ్రంట్ సైట్ పెడితే దెబ్బ కిందికి, పొట్టి ఫ్రంట్ సైట్ పెడితే దెబ్బ పైకి. పక్కలకు కూడా ఇదే రూల్. ఫ్రంట్ సైట్ ఎడమకు వంగితే బుల్లెట్ కుడికి పోతుంది. బ్యాక్ సైట్ విషయంలో మాత్రం సూటిగా ఉంటుంది. దాన్ని ఎటు జరిపితే బుల్లెట్ అటే.

ఇంకో విషయం కూడా ఉంది. బుల్లెట్ బరువు మారితే గురి మారుతుంది. రివాల్వర్ పేలినప్పుడు చేతిలో మూతి పైకి లేస్తుంది. బరువైన, నెమ్మదిగా వెళ్లే బుల్లెట్ గొట్టంలో కాస్త ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి, అది బయటికొచ్చే సరికి మూతి ఇంకొంచెం లేచి ఉంటుంది. అందుకే దగ్గరి దూరాల్లో బరువైన బుల్లెట్ సాధారణంగా పైన తగులుతుంది. ఒక రకం కాట్రిడ్జ్‌తో సరిపోయిన సైట్ ఇంకో రకంతో సరిపోకపోవచ్చు. సైట్లు మార్చుకునే వీలు పెట్టడానికి ఒక కారణం ఇదే.

మరి మార్చుకునే రకాలు ఎక్కడున్నాయి?

ఉన్నాయి, కాకపోతే ఎక్కువగా అమెరికాలో. అక్కడ 1980ల్లో వచ్చిన రూగర్ జీపీ100 మోడల్ దీనికి మంచి ఉదాహరణ. ఫ్రంట్ సైట్ ముందు భాగంలో స్ప్రింగ్‌తో పనిచేసే చిన్న పిన్ ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కితే సైట్ పైకి వస్తుంది. కొత్తది పెట్టి వదిలితే పిన్ మళ్లీ బయటికొచ్చి పట్టేస్తుంది. రీల్స్‌లో కనిపించేది ఎక్కువగా ఈ రకమే. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ కూడా కొన్ని మోడళ్లలో ఇలాంటి స్ప్రింగ్ ఏర్పాటు పెట్టింది. 2020లో మళ్లీ మార్కెట్లోకి వచ్చిన కోల్ట్ పైథాన్‌లో చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి సైట్ మార్చాలి.

ఇవన్నీ సులువైన రకాలు. కష్టమైనది అడ్డంగా పిన్ కొట్టిన రకం. గొట్టం మీదున్న దిమ్మెలో గాడి, ఆ గాడిలో సైట్, రెండింటినీ కలిపి పట్టుకునే సన్నటి పిన్. ఆ పిన్‌ను సరైన సైజు పంచ్‌తో, రివాల్వర్ కదలకుండా పట్టుకుని, నెమ్మదిగా కొట్టి బయటికి తీయాలి. కొత్త సైట్‌కు రంధ్రం సరిగ్గా అదే చోట పడాలి. కొన్నింటికి రంధ్రం లేకుండానే వస్తుంది, అమర్చాక వేయాలి. చేయి జారితే గొట్టం మీద గాటు. ఇది ఆర్మరర్ చేతి పని.

ఇక చివరి రకం గొట్టంతో కలిసిపోయి ఉండే సైట్. మార్చడానికి అక్కడ వేరే ముక్కంటూ ఉండదు.

వెబ్లీ నుంచి కాన్పూర్ దాకా

ఈ మార్పిడి ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915లో బ్రిటిష్ సైన్యం వెబ్లీ మార్క్ 6 రివాల్వర్‌ను తీసుకుంది. .455 బోర్, 6 అంగుళాల గొట్టం. దాని ఫ్రంట్ సైట్ రెక్క విడిగా ఉంటుంది, స్క్రూతో బిగించే రకం. అది అరిగినా, విరిగినా, ఎత్తు సరిపోకపోయినా ఆర్మరర్ ఇంకోటి వేసేవాడు. మొత్తం గొట్టం మార్చే పని తప్పేది.

అప్పట్లో భద్రాచలం మద్రాస్ ప్రెసిడెన్సీలో గోదావరి ఏజెన్సీ కింద ఉండేది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరుసగా దాడి చేసి ఆయుధాలు పట్టుకెళ్లింది. తర్వాత మన్యంలోకి మలబార్ స్పెషల్ పోలీస్, అస్సాం రైఫిల్స్ దిగాయి. ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యం అధికారిక రివాల్వర్ వెబ్లీనే. అయితే ఆ పోరు ఎక్కువగా నడిచింది పొడవాటి తుపాకులతోనే. గుబురు అడవిలో రివాల్వర్‌కు ఉన్న హద్దు అప్పుడూ ఇప్పుడూ ఒకటే.. గొట్టం పొట్టి, సైట్ల మధ్య దూరం తక్కువ.

వెబ్లీ కథ అక్కడితో అయిపోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన .32 రివాల్వర్‌కు మూలం వెబ్లీ డిజైనే. మధ్యలో విరిచినట్టు తెరుచుకునే ఆ తీరు అక్కడి నుంచి వచ్చిందే. మన దగ్గర లైసెన్స్‌దారుల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ కుటుంబానికి చెందిన రివాల్వర్లే. 2014 జనవరిలో మహిళల కోసమంటూ కాన్పూర్ నుంచే ‘నిర్భీక్’ వచ్చింది. బరువు 500 గ్రాములు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. 2023 ఆగస్టులో ప్రభుత్వ రంగ సంస్థ ఏడబ్ల్యూఈఐఎల్ ‘ప్రబల్’ను తెచ్చింది. 76 మిల్లీమీటర్ల గొట్టం, సిలిండర్ పక్కకు తెరుచుకునే రకం, రేంజ్ 50 మీటర్లని కంపెనీ మాట.

తెలంగాణలోనూ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడ చేయరా అని కొందరికి డౌట్ రావచ్చు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యేవి సైన్యం వాడే సాయుధ వాహనాలు. రివాల్వర్లు కాదు.

కాన్పూర్ .32కు ఉన్నవి ఫిక్స్‌డ్ సైట్స్. బటన్ నొక్కితే ఊడివచ్చే ఏర్పాటు దానికి లేదు. బ్యాక్ సైట్ గాడిని కూడా స్క్రూ తిప్పి జరుపుకునే వీలు లేదు. దగ్గరి దూరంలో, ప్రాణాల మీదికి వచ్చినప్పుడు వాడే ఆయుధంగా దాన్ని చేశారు. జేబులో, నడుము దగ్గర పట్టుకోకుండా సాఫీగా బయటికి రావాలి, దెబ్బ తగిలినా సైట్ కదలకూడదు. ఆ రెండిటికీ ఫిక్స్‌డ్ సైటే నయం.

విదేశీ రివాల్వర్ తెప్పించుకుంటే సరి కదా అంటే.. అది ఇంకా కష్టం. సైన్యం, పోలీసులు వాడే .38 లాంటి సర్వీస్ బోర్లు మామూలు లైసెన్స్ మీద రావు, అవి ప్రొహిబిటెడ్ బోర్ కిందికి వస్తాయి. పైగా 1980ల మధ్య నుంచి సాధారణ పౌరులు తుపాకులు దిగుమతి చేసుకోవడం మీద ఆంక్షలు ఉన్నాయి. పేరున్న షూటర్లకు మినహాయింపు ఉంది. అందుకే ఇక్కడ లైసెన్స్ మీద చేతులు మారే విదేశీ .32లు చాలా వరకు పాతవి, రేటు చూస్తే కళ్లు తిరిగేవి. వాటికి సైట్ విరిగితే విడి భాగం దొరకడం కూడా అంత తేలిక కాదు.

చట్టం ఏం చెబుతోంది?

1959 ఆయుధాల చట్టం ప్రకారం ‘ఆయుధం’ అంటే తుపాకీ ఒక్కటే కాదు, దాని భాగాలు కూడా. సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకులు తయారు చేయడం, అమ్మడం, మార్పు చేయడం, రిపేరు చేయడం, టెస్ట్ చేయడం నేరం. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. సెక్షన్ 5ను ఉల్లంఘిస్తే శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం అయింది. ఒక మనిషి దగ్గర ఉండగలిగే తుపాకుల సంఖ్యను 3 నుంచి 2కు తగ్గించింది కూడా ఆ సవరణే. లైసెన్స్ గడువును 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచింది కూడా అదే.

దీని అర్థం ఏంటంటే.. మీ దగ్గర ఉన్నది ఆయుధం పెట్టుకునే లైసెన్స్. రిపేరు చేసే లైసెన్స్ వేరు. ఊళ్లో లేత్ పని చేసే అతనికో, కొలిమి దగ్గరికో తీసుకెళ్లి "ఈ ముక్క కాస్త అరగదీసి పెట్టు" అంటే చిక్కుల్లో పడేది మీరొక్కరే కాదు. పాపం యాభై, వంద రూపాయల కోసం పని చేసిన అతని మెడకు కూడా చుట్టుకుంటుంది. అడవి సరిహద్దు జిల్లాల్లో నాటు తుపాకుల తయారీ మీద పోలీసుల కన్ను ఎప్పుడూ ఉంటుంది. అలాంటి చోట లైసెన్స్ లేని వర్క్‌షాప్‌లో రివాల్వర్ కనిపిస్తే తర్వాత ఎంత సర్దిచెప్పుకున్నా వినే వాళ్లు తక్కువ.

మరి సైట్ నిజంగానే విరిగితే? లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ లేదా రిపేరర్ దగ్గరికి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఇలాంటి దుకాణాలు ఉన్నాయి. వెళ్లే ముందు లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులో అడిగి, చేయబోయే పని కాగితం మీద పెట్టుకుంటే మంచిది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అది కలెక్టర్ ఆఫీసు. ఖమ్మంలో పోలీస్ కమిషనరేట్ ఉంది కాబట్టి అక్కడ కమిషనర్ ఆఫీసు. పని అయ్యాక రసీదు దాచుకోవాలి.

ఇక్కడ భద్రాచలం వాళ్లకు మాత్రమే ఉన్న ఓ ప్రత్యేకమైన ఇబ్బంది చెప్పుకోవాలి. ప్రతి లైసెన్స్ మీదా అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. భద్రాచలం ఊరు దాటగానే ఎటపాక. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు అది అటు పోయింది. చింతూరు దాటి ఇంకాస్త పోతే ఛత్తీస్‌గఢ్. ఒకప్పుడు ఒకే తాలూకాగా తిరిగిన ఊళ్లే, ఇప్పుడు రాష్ట్రాలు వేరు. తెలంగాణ వరకే చెల్లే లైసెన్స్‌తో రివాల్వర్ పట్టుకుని బంధువుల ఇంటికని ఆ రోడ్డెక్కితే, పది నిమిషాల్లో లైసెన్స్ లేని ఆయుధం పట్టుకున్నట్టే లెక్క.

టెస్ట్ ఫైరింగ్ కూడా చేనులో పెట్టుకునే పని కాదు. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా కాల్చినా, పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో సంబరానికి కాల్చినా 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చని 2019 సవరణ చెబుతోంది. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని లాంటి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పేల్చాల్సిన అవసరం కూడా లేదు. సైట్ సరిచేశాక గురి చూసుకోవాల్సింది అనుమతి ఉన్న రేంజ్‌లోనే.

తప్పు సైట్‌దా.. వేలిదా?

సైట్ మార్చాలని తిరిగే వాళ్లలో చాలామందికి అసలు సమస్య సైట్ కాదు. కుడిచేతి వాటం వాళ్ల బుల్లెట్లు టార్గెట్ మీద ఎప్పుడూ ఎడమవైపు కిందకే పడుతున్నాయంటే, ముందు అనుమానించాల్సింది ట్రిగ్గర్ వేలిని. పేలుతుందన్న బెదురుతో ఆఖరి క్షణంలో వేలు గుంజేస్తుంది, చేయి ముందుకు తోస్తుంది. రివాల్వర్‌లో డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది కాబట్టి ఇది ఇంకా ఎక్కువ.

దీన్ని పట్టుకోవడానికి రేంజ్‌లో కోచ్‌లు ఓ చిట్కా వాడతారు. సిలిండర్‌లో కొన్ని అసలు కాట్రిడ్జ్‌లు, కొన్ని డమ్మీలు కలిపి వేరే వాళ్లు లోడ్ చేసి ఇస్తారు. ఏ గదిలో ఏముందో కాల్చే మనిషికి తెలియదు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు, కానీ మూతి మాత్రం దబ్బున కిందికి పోతుంది. అప్పుడు నిజం బయటపడుతుంది. ఒక్క షాట్ చూసి సైట్‌ను తప్పు పట్టకూడదు. చేతికి ఆనుడు పెట్టుకుని కనీసం ఐదేసి షాట్ల గుంపులు రెండు మూడు తీయాలి. గుంపు మొత్తం ఒకే చోట, గురికి దూరంగా పడుతుంటేనే సైట్ సంగతి ఆలోచించాలి. వేరే మంచి షూటర్ కాల్చినా అక్కడే పడితే ఇంకా గట్టి రుజువు.

రెండోది కన్ను. నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. చేయి చాచినంత దూరంలో ఉండే ఫ్రంట్ సైట్ అంచు మసకబారుతుంది. లైసెన్స్‌దారుల్లో ఆ వయసు వాళ్లకు కొదవ లేదు. వాళ్లకు కొత్త సైట్ కంటే ముందు కావాల్సింది కళ్ల డాక్టర్. సైట్ దూరానికి సరిపోయే అద్దాలు రాయించుకుంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

రంగు పూస్తే సరిపోతుందా?

అడవి నీడలో నల్ల సైట్ కనిపించని మాట నిజం. దీనికి షూటర్లు ఎప్పటి నుంచో వాడుతున్న చవకైన ఉపాయం రంగు. ఫ్రంట్ సైట్‌లో మన కంటికి కనిపించే వెనక వైపు తెల్ల రంగు పలచగా వేసి, అది ఆరాక పైన నారింజ లేదా ఎరుపు నెయిల్ పాలిష్ ఒక పూత. అడుగున తెలుపు ఉంటే పై రంగు వెలుగుతుంది. ముందుగా స్పిరిట్‌తో నూనె జిడ్డు తుడవాలి, లేదంటే రెండో రోజే పెచ్చులూడుతుంది. పైఅంచు మీద మాత్రం రంగు పడకూడదు. అంచు మందం పెరిగినా, గుండ్రమైనా పైన చెప్పిన మిల్లీమీటర్ లెక్క మొదలవుతుంది. ఇష్టం లేకపోతే తుడిచేయొచ్చు, ఇనుము చెక్కుచెదరదు. మొత్తం ఖర్చు ఒక నెయిల్ పాలిష్ సీసా.

దసరాకు ఆయుధ పూజ చేసే ఇళ్లలో ఇంకో చిన్న విషయం. పసుపు, కుంకుమ బొట్లు సరిగ్గా సైట్ మీదో, గాడిలోనో పడితే ఎండిపోయి అతుక్కుంటాయి. తేమ కూడా పట్టేస్తాయి. పిడి మీద పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

విదేశాల్లో దొరికే రంగుల సైట్లలో రెండు రకాలు ఎక్కువ. ఫైబర్ ఆప్టిక్‌లో సన్నటి ప్లాస్టిక్ కడ్డీ చుట్టూ ఉన్న వెలుతురును పోగేసి కొస దగ్గర చుక్కలా చూపిస్తుంది. వెలుతురు బొత్తిగా లేకపోతే అది కూడా చీకటే. రెండోది ట్రిటియం. ఇది రేడియోధార్మిక వాయువు, తనంతట తనే వెలుగుతుంది. దాని సగం ఆయుష్షు 12 ఏళ్ల చిల్లర, అంటే అప్పటికి వెలుగు సగానికి పడిపోతుంది. చీకట్లో సైట్ కనిపించినంత మాత్రాన ఎదురుగా ఉన్నది ఎవరో కనిపించదు. మెరిసే సైట్ అమ్మే వీడియోలు ఈ ముక్క చెప్పవు.

పోటీల్లో మాత్రం సీన్ వేరు

సైట్ మార్పిడి అసలు అవసరం ఉన్నది స్పోర్ట్స్ షూటింగ్‌లో. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ ఈవెంట్‌లో .30 నుంచి .38 వరకు బోర్ ఉన్న పిస్టళ్లు, రివాల్వర్లు వాడొచ్చు. .32 కాట్రిడ్జ్‌కు అక్కడ మంచి పేరుంది. 1994 హిరోషిమా ఏషియన్ గేమ్స్‌లో జస్పాల్ రాణా గోల్డ్ కొట్టింది ఈ ఈవెంట్‌లోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌తో కలిసి టీమ్ గోల్డ్ గెలిచింది కూడా 25 మీటర్ల పిస్టల్‌లోనే. ఆ మహిళల ఈవెంట్‌లో వాడేది మాత్రం .22.

పోటీ పిస్టళ్లకు వేర్వేరు వెడల్పుల ఫ్రంట్ సైట్లు దొరుకుతాయి. షూటర్ చేయి పొడవు, కంటి చూపు, రేంజ్‌లో లైటింగ్ బట్టి గాడిలో రెండు పక్కలా ఎంత వెలుతురు కనిపించాలో చూసుకుని మార్చుకుంటారు. సన్నటి సైట్ పెడితే గాడిలో వెలుతురు ఎక్కువ, కంటికి హాయి, కానీ పక్కలకు తప్పు దొర్లుతుంది. వెడల్పాటి సైట్ పెడితే కచ్చితత్వం పెరుగుతుంది, కన్ను త్వరగా అలసిపోతుంది. ట్విస్ట్ ఏంటంటే, రీల్స్‌లో మెరిసే ఆ ఫైబర్ ఆప్టిక్ సైట్‌కు అంతర్జాతీయ పిస్టల్ పోటీల్లో అనుమతే లేదు. అక్కడ మామూలు ఓపెన్ సైట్లే.

వరదలు, ఎన్నికలు.. చూసుకోవాల్సింది ఇవే

భద్రాచలంలో 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత ఇదే ఎక్కువ. అలాంటి వానాకాలాల్లో బీరువాలో పెట్టిన ఇనుముకు కూడా తుప్పు పడుతుంది. సైట్ అడుగు భాగం, పిన్ చుట్టూ, గాడి మూలలు.. తేమ ముందుగా చేరేది అక్కడే. తోలు కవర్‌లో ఎక్కువ కాలం ఉంచితే ఇంకా ప్రమాదం, తోలు చెమ్మను పీల్చుకుంటుంది. పొడి గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, కవర్‌లో కాకుండా విడిగా ఉంచాలి. తుప్పు పట్టిన సైట్‌ను ఉప్పు కాగితంతో రుద్దితే తుప్పుతో పాటు ఎత్తు కూడా పోతుంది.

ఇక ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే లైసెన్స్ ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమని ఆదేశాలు వస్తాయి. ఇచ్చేటప్పుడే ఫ్రంట్ సైట్ దగ్గరి నుంచి ఫోటోలు తీసి పెట్టుకోవడం, రసీదులో ఆయుధం కండిషన్ రాయించుకోవడం మంచిది. వారాల తరబడి వేరే ఆయుధాలతో కలిసి ఉంటుంది. ఎక్కడైనా మూతి నేలకు తగిలితే మొదట దెబ్బ తినేది ఆ చిన్న రెక్కే. వెనక్కి తీసుకున్నాక ముందు చేయాల్సింది సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయా అని కంటితో చూడటం, వేలితో తడిమి చూడటం. కాట్రిడ్జ్‌లు వేరే గదిలో ఉండాలి. ఆ తర్వాత వెనక నుంచి చూస్తే రెక్క నిటారుగా, గాడి మధ్యలో కనిపించాలి. వంగినట్టు అనిపిస్తే పట్టకారుతో సరిచేయకుండా అలాగే ఉంచి డీలర్‌కు చూపించాలి.